టీటాగఢ్ జనపనార మిల్లులో పనిచేసిన డండీ ఓవర్సీయరు కుటుంబాన్ని వెదకడం ఎలా?

ప్రశ్న (నల్లకుంట, హైదరాబాద్)

మా అమ్మమ్మగారి తండ్రి అప్పటి గంజాం జిల్లాలోని చికాకోలు (నేటి శ్రీకాకుళం) ప్రాంతం నుంచి కలకత్తా వెళ్లి, హుగ్లీ ఒడ్డున ఉన్న టీటాగఢ్‌లో ఒక జనపనార మిల్లులో మగ్గాల మీద చాలా కాలం పనిచేశారు. ఆయన పని మానుకొని ఊరికి తిరిగి వచ్చేటప్పుడు ఓవర్సీయరు దొర రాసి ఇచ్చిన యోగ్యతాపత్రం మా ఇంట్లో ఇప్పటికీ భద్రంగా ఉంది. అది వెనుక గుడ్డ అతికించిన దళసరి కాగితం. మడతల వెంట నూనె మరకలు ఉన్నాయి, 1926 నాటి తేదీ ఉంది, సంతకం కింద అదే చేతిరాతతో డండీ అనే ఊరి పేరు, ఒక వీధి పేరు ఉన్నాయి. డండీ స్కాట్లండ్‌లోని పట్టణమని మాత్రమే నాకు తెలుసు. అంత దూరపు ఊరి నుంచి మన తెలుగు కూలీల మీద అజమాయిషీకి మనుషులు ఎందుకు వచ్చారు, అక్కడి మిల్లు పనివారు ఇంకా ఏయే దేశాలకు వెళ్లారు, ఈ ఓవర్సీయరు వారసులను కనుక్కొనే దారి ఉందా అన్నవి నా సందేహాలు. వారికి ఈ కాగితం నకలు పంపాలని మా అమ్మగారు ఎంతో కోరుకుంటున్నారు.

సమాధానం (సైనిక్‌పురి)

మీ మొదటి సందేహానికి సమాధానం జనపనారలోనే ఉంది. బెంగాల్‌లో పండే ఈ నార పెళుసుగా ఉంటుంది కనుక యంత్రం మీద వడికితే తెగిపోయేది. డండీ తిమింగిలాల వేటకు పేరుపడిన రేవు కావడంతో తిమింగిలపు నూనె అక్కడ పుష్కలంగా దొరికేది. ఆ నూనెనూ నీటినీ కలిపి పట్టిస్తే నార మెత్తబడి యంత్రానికి లొంగుతుందని 1830ల్లో అక్కడివారు పట్టుకున్నారు. (మీ కాగితం మీది మరక ఏ నూనెదో చెప్పలేము గాని, జనపనార మిల్లులో నూనె తగలని చెయ్యి ఉండదు.) క్రిమియా యుద్ధం వల్ల రష్యా నుంచి అవిసెనార, జనుము రావడం కష్టమయ్యేసరికి గోనెపట్టాకు గిరాకీ పెరిగి, డండీ ప్రపంచానికే గోనెసంచుల పట్టణమైంది. ఆ ఊరి లోకీ పేటలోని క్యాంపర్‌డౌన్ వర్క్స్ ఒకనాడు ప్రపంచంలోకెల్లా పెద్ద జనపనార కర్మాగారం.

పంట బెంగాల్‌లో, మిల్లు స్కాట్లండ్‌లో ఉండడం ఎంతో కాలం సాగలేదు. 1855లో జార్జ్ ఆక్లండ్ డండీ నుంచి యంత్రాలు తెప్పించి కలకత్తా దగ్గర రిష్రాలో భారతదేశపు తొలి జనపనార మిల్లు పెట్టారు. యంత్రాలతో పాటు వాటిని బిగించి నడపగల మేస్త్రీలు, మెకానిక్కులు, ఓవర్సీయర్లు కూడా డండీ నుంచే రావలసి వచ్చింది. పందొమ్మిదో శతాబ్దం ముగిసేసరికి కలకత్తా మిల్లులు డండీని మించిపోయాయి. డండీ మనుషులే డండీకి పోటీని పెంచి పోషించారన్న సంగతిని ఆ ఊరి కార్మిక కుటుంబాల చరిత్ర చదివేవారు మరువకూడదని నా అభిప్రాయం.

సమాధానం (తార్నాక)

పై సమాధానానికి ఒక ముఖ్య విషయం చేర్చాలి. డండీ మిల్లుల్లో పనిచేసేవారిలో ఎక్కువమంది స్త్రీలు, పిల్లలు. తక్కువ కూలికి పెట్టుకున్న కుర్రవాళ్లకు వయసు వచ్చి పెద్దవారి కూలి ఇవ్వవలసిన రోజు రాగానే పనిలోంచి తీసేసేవారు. భార్య మిల్లుకు వెళితే భర్త ఇంటిపట్టున ఉండే సంసారాలు అక్కడ మామూలు. ఆ ఊళ్లో ఎదుగుదల లేని పడుచువాడు రాత్రి తరగతులకు వెళ్లి వడుకు, నేత పనులు చదువుకొని కలకత్తా ఓడ ఎక్కేవాడు. అక్కడ అతనికి మిల్లు ఆవరణలోనే బంగళా, పనివాళ్లు, స్వదేశంలో కలలో కూడా ఊహించలేని హోదా దొరికేవి. వారిని డండీలో నేటికీ 'జూట్ వాలాలు' అనే పిలుస్తారు.

అమెరికా, కెనడాలకు వెళ్లినవారి కథ వేరు. 1820, 1821 సంవత్సరాల్లో స్కాట్లండ్‌లోని గ్లాస్గో, లానార్క్‌షైర్ ప్రాంతాల చేనేతవారు పని లేక సంఘాలుగా ఏర్పడి కుటుంబాలతో కెనడా వెళ్లారు. అక్కడి లానార్క్ కౌంటీలో వారి సంతతి ఉంది. స్కాట్లండ్ పట్టణమైన పెయిస్లీలోని దారపు కంపెనీలలో క్లార్క్‌వారు అమెరికాలో న్యూయార్క్ నగరానికి దగ్గరగా న్యూజెర్సీ రాష్ట్రంలో ఉన్న నెవార్క్‌లోనూ, కోట్స్‌వారు రోడ్ ఐలండ్ రాష్ట్రంలోని పాటకెట్‌లోనూ మిల్లులు పెట్టినప్పుడు స్వదేశపు పనివారు ఆ దారం వెంటే వెళ్లారు. నెవార్క్ పక్కనున్న కేర్నీ పట్టణం స్కాట్‌ల ఊరుగా పేరుపడింది. మా పద్మశాలీ బంధువులు సిరిసిల్ల నుంచి భీవండికి, షోలాపూర్‌కు సాంచాల (మరమగ్గాల) వెంట ఇల్లూవాకిలీ కట్టుకొని వెళ్లినట్టే వీరూ వెళ్లారు. బెంగాల్‌కు వచ్చిన ఓవర్సీయరు మాత్రం చాలావరకు ఒంటరిగా వచ్చి, ఒప్పందం ముగిశాక సెలవుకు ఇంటికి పోయి, చివరికి డండీలోనే స్థిరపడేవాడు. అందుకే మీరు వెదకవలసింది కలకత్తాలో కాదు, డండీలో.

ప్రశ్న అడిగినవారు

మీ ఇద్దరికీ కృతజ్ఞతలు. ఆ ఓవర్సీయరుకు కూతుళ్లే ఉండి, పెళ్లితో ఇంటిపేర్లు మారిపోయి ఉంటే వెదకడం సాధ్యమవుతుందా?

సమాధానం (పద్మారావునగర్)

సాధ్యమేనండీ, స్కాట్లండ్‌లో ఇది ఇంగ్లండ్‌లో కన్నా సులువు. అక్కడ 1855 నుంచి జననం, వివాహం, మరణం విధిగా నమోదవుతున్నాయి. మరణ పత్రంలో చనిపోయినవారి తండ్రి పేరుతో పాటు తల్లి పుట్టింటి ఇంటిపేరు కూడా రాస్తారు. వివాహ పత్రంలో ఇరువైపుల తల్లిదండ్రుల పేర్లూ ఉంటాయి. కాబట్టి కూతురి వైపు నుంచి కూడా తీగ పట్టుకొని పోవచ్చు. స్కాట్లండ్స్ పీపుల్ అనే ప్రభుత్వ వెబ్‌సైటులో నూరేళ్లు దాటిన జననాలు, డెబ్బై అయిదేళ్లు దాటిన వివాహాలు, యాభై ఏళ్లు దాటిన మరణాల పత్రాలు రుసుము కట్టి చూడవచ్చు. జనాభా లెక్కలు 1841 నుంచి 1921 వరకు అందుబాటులో ఉన్నాయి. మీ కాగితం మీద వీధి పేరు ఉంది కనుక 1921 లెక్కలో ఆ వీధిలోని ఇళ్లను చదవండి. ఓవర్సీయరు ఆనాడు టీటాగఢ్‌లోనే ఉన్నా, అతని తల్లిదండ్రులో తోబుట్టువులో అక్కడ తగలవచ్చు. పుట్టిన చోటు గడిలో బెంగాల్ అని ఉన్న పిల్లలు కనిపిస్తే ఆ ఇంటిని తప్పక గుర్తు పెట్టుకోండి.

ఇంకొక ఆధారం పేర్లలోనే దొరుకుతుంది. మనం తాతగారి పేరు మనవడికి పెట్టుకున్నట్టే, స్కాట్‌లలో పెద్ద కొడుక్కి తండ్రి తండ్రి పేరు, రెండో కొడుక్కి తల్లి తండ్రి పేరు, పెద్ద కూతురికి తల్లి తల్లి పేరు పెట్టే ఆనవాయితీ ఉండేది. అందరూ పాటించలేదు గాని, ఒకే పేరున్న నలుగురిలో మీవారు ఎవరో తేల్చుకోవడానికి ఇది బాగా అక్కరకొస్తుంది.

అతను బెంగాల్‌లోనే పెళ్లి చేసుకొన్నా, అక్కడే కన్నుమూసినా ఆ నమోదు లండన్ బ్రిటిష్ లైబ్రరీలోని ఇండియా ఆఫీసు చర్చి రికార్డుల్లో ఉండవచ్చు. కలకత్తాలో 1820లో ఏర్పడిన స్కాటిష్ శ్మశానవాటిక సమాధులను కూడా చూడాలి.

అన్నిటికన్నా ముందు చేయవలసిన పని మిల్లు ఏదో నిర్ధారించుకోవడం. టీటాగఢ్‌లో ఒకటికి మించి జనపనార మిల్లులు ఉండేవి. కాగితం మీద ముద్ర ఉంటే దానిని వెలుతురులో ఏటవాలుగా పెట్టి ఫోటో తీయండి. చెరిగిన అక్షరాలు తేలతాయి. టీటాగఢ్ జూట్ కంపెనీ అని తేలితే మీ అదృష్టమే, ఎందుకంటే దానిని నడిపిన థామస్ డఫ్ కంపెనీ కాగితాలు డండీ విశ్వవిద్యాలయం ఆర్కైవ్స్‌లో ఉన్నాయి. ఓవర్సీయరు పూర్తి పేరు, సంవత్సరం, మిల్లు పేరు రాసి వారికి ఈమెయిలు పంపండి, కాగితం ఫోటో కూడా జతచేయండి. వారి జవాబు వచ్చాకనే రుసుము కట్టే వెదుకులాట మొదలుపెట్టండి. అప్పుడు డబ్బు వృథా కాదు.