చీకటి బాత్రూంకు గోడల నిండా తెల్ల టైల్సే వేయాలా?
(ఇది చర్చ; ప్రతి మాటకు పైన ఉన్నది రాసినవారి మారుపేరు.)

రెండో అంతస్తు
మాది హైదరాబాదులో పాత అపార్టుమెంటు. బాత్రూం 5 అడుగుల వెడల్పు, 7 అడుగుల పొడవు. ఉన్న ఒక్క వెంటిలేటరు డక్టులోకి, అంటే గాలి కోసం, పైపుల కోసం భవనంలో వదిలిన ఇరుకు సందులోకి తెరుచుకుంటుంది. మిట్టమధ్యాహ్నం కూడా లైటు వేయక తప్పదు. గోడలకు నడుము ఎత్తు వరకు ముదురు గోధుమరంగు టైల్స్, ఆపైన సున్నం. కింది నుంచి పైదాకా, నేలతో సహా, నిగనిగలాడే తెల్ల టైల్స్ వేయించాలని నా కోరిక. తెలుపు వేస్తే ఆసుపత్రిలా ఉంటుందని, బోరు నీళ్లకు పచ్చబడుతుందని మా వారి అభ్యంతరం. 74 ఏళ్ల మా అత్తగారు కూడా ఇదే బాత్రూం వాడతారు. మీరేమంటారు?

తెలుపు పక్షం
సందేహించకుండా వేయించండి. మంచి తెలుపు తన మీద పడిన వెలుగులో ముప్పాతిక వంతుకు పైగా వెనక్కి పంపుతుంది. ముదురు గోధుమరంగు చాలావరకు మింగేస్తుంది. ఇంత చిన్న గదిలో వెలుగు ఒక గోడ నుంచి ఇంకో గోడకు తగులుతూనే ఉంటుంది కాబట్టి ఆ తేడా ప్రతిసారీ పెరుగుతుంది. సీలింగును మాత్రం మరిచిపోకండి, దానికీ తెల్ల రంగే.

మీటరు బోర్డు
నేను ఒప్పుకోను. టైల్స్ పగలగొట్టే ముందు లైటు ఎక్కడుందో చూడండి. మన అపార్టుమెంట్లలో సాధారణంగా తలుపు మీద ఒక బల్బు, దాని పక్కనే సగం గదిని కప్పేసే అటక, కింద గీజరు. బల్బు వెలుగు అటక అంచు దగ్గరే ఆగిపోతుంది. స్నానం చేసే మూల చీకటిలోనే ఉంటుంది. అద్దం ముందు నిలబడితే లైటు వీపు వెనక ఉంటుంది, ముఖం మీద నీడ పడుతుంది. ఆ మూలకు ఎన్ని తెల్ల టైల్స్ అతికించినా వాటి మీద పడటానికి వెలుగే లేదు కదా!

అద్దానికి రెండు పక్కలా ఒక్కో లైటు, అటక అడుగున తేమ తట్టుకునే లైటు ఇంకొకటి పెట్టించండి. ఆసుపత్రి కళ తెచ్చేది ఎక్కువగా 6500 కెల్విన్ల (వెలుగు రంగును చెప్పే కొలత, అంకె పెరిగేకొద్దీ నీలం వైపు పోతుంది) నీలి తెలుపు బల్బు. 4000 కెల్విన్లది తెచ్చుకోండి. పెట్టె మీద సీఆర్‌ఐ 90 (వెలుగులో రంగులు ఎంత సహజంగా కనిపిస్తాయో చెప్పే అంకె, గరిష్ఠం 100) అని ఉంటే మరీ మంచిది, ఒంటి రంగు పాలిపోయినట్టు కనిపించదు.

రెండో అంతస్తు
అటక ఉందండి, మీరు చెప్పినట్టే. వెంటిలేటరులో సగం ఎగ్జాస్ట్ ఫ్యాను ఆక్రమించింది.

మీటరు బోర్డు
మిగిలిన సగంలోని గాజు పలకలను ఒక్కొక్కటిగా బయటికి లాగి చూడండి. డక్టు వైపు దుమ్ము, తేమ కలిసి జిగురులా పేరుకుని ఉంటుంది. సబ్బు నీళ్లలో నానబెట్టి కడగండి. బాత్రూం వెంటిలేటరు కనీసం ఎంత ఉండాలో జాతీయ భవన నిర్మాణ నియమావళి చెబుతుంది. మీది అంత ఉందో లేదో కొలవండి. వీలైతే ఫ్యానును గోడకు వేరే రంధ్రం చేయించి అక్కడికి మార్చండి.

టైల్స్ పని
పాతికేళ్లుగా ఇదే పని చేస్తున్నాను. పచ్చబడేది టైలు కాదండి, సందుల్లో నింపిన వైట్ సిమెంటు. రెండడుగులు, నాలుగడుగుల పెద్ద టైల్స్ తీసుకుంటే సందులు తగ్గుతాయి. వాటిలో ఎపాక్సీ (నీరు ఇంకని, గట్టిపడే జిగురు మిశ్రమం) నింపించండి, ఖర్చు ఎక్కువైనా మరక లోపలికి పట్టదు. బోరు నీటి ఉప్పు మచ్చలు ముదురు టైల్స్ మీదే ఎక్కువగా కనిపిస్తాయి. పాత టైల్స్‌ను నాణెంతో కొట్టి చూడండి. డొల్ల శబ్దం రాకపోతే వాటి మీదే అడ్హెసివ్‌తో కొత్తవి అతికించవచ్చు. నేల మీద మాత్రం అలా చేయకండి. ఎత్తు పెరిగి నీళ్లు గడప దాటుతాయి.

అమ్మకు తోడు
అందరూ గోడల గురించే మాట్లాడుతున్నారు. నేలకు నిగనిగలాడే తెలుపు వేయవద్దని బతిమాలుతున్నాను. తెల్ల నేల, తెల్ల గోడ, తెల్ల కమోడ్ అయితే, చూపు మందగించిన వారికి ఏది ఎక్కడ మొదలవుతుందో తెలియదు. కూర్చునేటప్పుడు అంచు దొరకదు. తడి మీద లైటు మెరిస్తే నీళ్లు నిలిచాయో లేదో కూడా తెలియదు. జారని గరుకు టైల్స్, బూడిద రంగులో వేయించండి. పట్టుకునే కడ్డీ గోడలో కలిసిపోకుండా ముదురు రంగులో ఉండాలి.

తెలుపు పక్షం
నేల ముదురుదైతే పైనుంచి పడే వెలుగంతా అక్కడే పోతుంది. లేత బూడిద అయితే సరే. గోడల విషయంలో మాత్రం నా మాట మార్చుకోను.

అమ్మకు తోడు
లేత బూడిదైనా గోడకు, నేలకు తేడా స్పష్టంగా తెలియాలి. రెండు నమూనా పలకలు తెచ్చి, తడిపి, ఆ బాత్రూంలోనే లైటు వేసి అత్తగారికి చూపించండి. ఆవిడకు ఏది విడిగా కనిపిస్తే అదే వేయించండి.

రెండో అంతస్తు
ఈ ఆదివారం గాజు పలకలు కడుగుతాం, ఎలక్ట్రీషియన్‌తో లైట్లు మార్పిస్తాం. నమూనా పలకలు ఆ తర్వాతే తెస్తాను. అటక తీసేయించడం మంచిదా, అడుగున లైటు పెడితే చాలా? దాని మీద మా ఇంటి సామానంతా ఉంది.

మీటరు బోర్డు
తీయవద్దు. అడుగు భాగానికి తెల్ల రంగు వేయించి లైటు పెట్టండి. గీజరు వైరుకు, లైటు వైరుకు వేరు వేరు లైన్లు ఉన్నాయా, ఎర్త్ సరిగా ఉందా అని ఎలక్ట్రీషియన్‌ను తప్పకుండా అడగండి.