రొయ్య పడని పిల్లతో కోనసీమ పెళ్ళికి వెళ్ళాలి, బయట తిండి ఎలా?

పాలకొల్లు కాలవగట్టు:
అందరికీ నమస్కారమండి. మా అమ్మాయికి రొయ్యలు, పీతలు పడవు. తింటే పెదాలు వాచి ఒళ్ళంతా దద్దుర్లు లేస్తాయి, ఒకసారి ఆయాసం కూడా వచ్చింది. పరీక్షలు చేసి డాక్టరుగారు అలర్జీ అని తేల్చారు. ఇంట్లో ఇబ్బంది లేదు, రొయ్య మా గడప తొక్కడం మానేసింది. వచ్చే నెల అమలాపురం వైపు మా మరిది పెళ్ళి. దారిలో హోటళ్ళు, అక్కడ క్యాటరింగ్. మొన్న ఒక హోటల్లో "వంకాయ కూరలో రొయ్యలు వేశారా" అని అడిగితే కుర్రాడు "లేవమ్మా" అన్నాడు. గిన్నెలో చూస్తే ఎండు రొయ్యపొట్టు! అదేమిటయ్యా అంటే "అది రుచి కోసమండి, రొయ్యలు కాదు" అన్నాడు. పాపం అబద్ధం చెప్పాలని కాదు, అతని లెక్కలో అది మసాలా. మీరంతా ఇలాంటి చోట ఏమని అడుగుతున్నారు?

భీమవరం చెరువుగట్టు:
నేను రొయ్యల షెడ్డులో సూపర్‌వైజర్‌నండి. రొయ్య వలిచేవాళ్ళలో కొందరికి చేతులు దురదపెట్టి, ఉడికించే చోట ఆవిరికి ఆయాసం వచ్చి పని మానేసినవాళ్ళు ఉన్నారు. వాళ్ళకి పడనిది ముఖ్యంగా ట్రోపోమయోసిన్ అనే ప్రొటీన్. వేయించినా ఉడికించినా అది పోదు. కాబట్టి "ఉందా లేదా" కంటే "ఏ నూనెలో వేయించారు" అని అడగండి. మధ్యాహ్నం రొయ్యల వేపుడు వేసిన మూకుడులోనే సాయంత్రం మిరపకాయ బజ్జీ దిగుతుంది, అప్పడాలూ అందులోనే.

పెళ్ళిలో ముహూర్తం భోజనం శాకాహారమే అయితే భయం తక్కువ. మర్నాడు నాన్‌వెజ్ విందు ఉంటే దాంతోనే చిక్కు. బిర్యానీ గరిటె, రొయ్యల ఇగురు గరిటె మారిపోతూ ఉంటాయి. వడ్డించే కుర్రాళ్ళని కాదు, వంటమేస్త్రీని ముందు రోజే కలవండి. ఆయన దగ్గరుండి పాపకి అన్నం, పప్పు, పెరుగు విడిగా తీసి మూత పెట్టిస్తాడు. కుర్రాళ్ళకి లోపల ఏం జరిగిందో తెలియదు, మర్యాద కోసం "లేదండి" అనేస్తారు.

ఇంకో మాట. రొయ్య పడకపోతే చేప కూడా పడదని లేదు, ఆ ప్రొటీన్ వేరు. పాప చేప తినొచ్చో లేదో డాక్టరునే అడగండి. ఆయన సరేనన్నా హోటల్లో చేప వేపుడు జోలికి పోవద్దు, మళ్ళీ అదే మూకుడు.

రాజమండ్రి రేవు:
నాది గోధుమ బాధ, సీలియాక్ అంటారు, గోధుమలోని గ్లూటెన్ అనే ప్రొటీన్ పేగుకి పడని జబ్బు. డెల్టాలో ఉండి అన్నం తినేవాడికి గోధుమతో పనేంటి అంటారు అందరూ. కానీ పెసరట్టు వేసిన పెనం మీదే రవ్వదోసె, పరోటా కాలుస్తారు. పెసరట్టులో ఉప్మా పెడితే అది బొంబాయి రవ్వ, అంటే గోధుమే. కొన్నిచోట్ల దోసె కరకరలాడాలని పిండిలో మైదా కలుపుతారు. పులిహోర, సాంబారు ఏముంది అనుకుంటామా, అందులో ఇంగువ ఉంటుంది. బజారులో దొరికే పొడి ఇంగువ చాలావరకు గోధుమపిండో మైదానో కలిపినదే, డబ్బా వెనక చదవండి. మంచూరియా సరేసరి, మైదాతో పాటు సోయాసాస్‌లోనూ గోధుమ ఉంటుంది.

తాపేశ్వరం మడత కాజా, కాకినాడ కాజా రెండూ మైదావే, వాటికి దూరం నుంచే దండం. ఆత్రేయపురం పూతరేకు బియ్యప్పిండి, నెయ్యి, పంచదార లేదా బెల్లం కాబట్టి నాకు పండగే. అంబాజీపేట వైపు పొట్టిక్కలు కూడా మినప్పప్పు, బియ్యపు రవ్వే. అవి తింటాను, సాంబారు మాత్రం వద్దంటాను. చట్నీ తాలింపులో ఇంగువ వేశారా అని ఒక ముక్క అడుగుతాను.

మోరి జీడితోట:
రాజమండ్రి రేవు గారూ, మీకు పండగైన పూతరేకే నాకు గండం. మాది మోరి పక్క ఊరు. ఇంటింటా జీడిపప్పు ఒలిచే చోట పుట్టి నాకు జీడిపప్పు పడదు, నవ్వుకోండి. డ్రైఫ్రూట్ పూతరేకులు చుట్టే బల్ల మీదే మామూలువీ చుడతారు, అందుకని అసలు కొనను. జీడిపప్పు పడనివాళ్ళలో చాలామందికి పిస్తా కూడా పడదు, ఐస్‌క్రీమ్ దగ్గర జాగ్రత్త.

హోటళ్ళలో తెల్లటి చిక్కటి గ్రేవీ కనిపిస్తే జీడిపప్పు పేస్టే అనుకోవాలి. ఖర్చు తగ్గించుకునేవాళ్ళు పుచ్చగింజలో పల్లీలో రుబ్బుతారు, పల్లీ పడనివాళ్ళకి అది ఇంకో తంటా. ఉప్మా తెచ్చి "జీడిపప్పు ఏరేశామండి, తినేయండి" అంటారు చూడండి, అక్కడే నాకు ఒళ్ళు మండుతుంది. నేతిలో వేగి ఉప్మా అంతా పట్టేశాక ఏరి ఏం లాభం?

తణుకు చెరుకురసం:
పాలు పడకపోవడంలో రెండు రకాలున్నాయి, కలిపేయకండి. నాకు లాక్టోజ్, అంటే పాలలో ఉండే చక్కెర, అరగదు, అంతే. రోజ్‌మిల్క్ తాగితే కడుపుబ్బరం, విరేచనాలు. పెరుగు కొంచెం తట్టుకుంటాను, నెయ్యితో ఏమీ లేదు. మా బావగారి అబ్బాయికి పాల ప్రొటీన్‌కే అలర్జీ, వాడికి నెయ్యి కూడా వేయనివ్వరు. విస్తరి ముందు కూర్చోగానే పప్పు మీద నెయ్యి పడిపోతుంది మన దగ్గర, వద్దనేలోపు! వాడి విస్తరి మీద వాళ్ళమ్మ చెయ్యి అడ్డం పెట్టుకుని కూర్చుంటుంది.

పెద్దమ్మ కబుర్లు:
మా రోజుల్లో ఇవన్నీ ఎరగమమ్మా. కొంచెం కొంచెం పెడుతుంటే అదే అలవాటవుతుంది. పెళ్ళిలో పిల్ల విస్తరి అలా బోసిగా ఉంటే నలుగురూ ఏమనుకుంటారు?

కాకినాడ డ్యూటీ నర్సు:
పెద్దమ్మగారూ, కోప్పడకండి. కొద్దికొద్దిగా పెట్టి అలవాటు చేసే వైద్యం ఉంది కానీ అది నిపుణులు ఆస్పత్రిలో మొదలుపెట్టి దగ్గరుండి చూసేది, విస్తట్లో చేసేది కాదు. ఒక్క ముక్కకే ప్రాణం మీదికి రావచ్చు.

పాలకొల్లు అమ్మా, గొంతు బిగిసినా, ఊపిరి అందకపోయినా, కళ్ళు తిరిగినా, దద్దుర్లతో పాటు వాంతులు మొదలైనా అవిల్ అలర్జీ మాత్ర వేసి చూద్దామని కూర్చోవద్దు. అది దురద తగ్గిస్తుందే గాని ఊపిరిని కాపాడదు. కావాల్సింది అడ్రినలిన్ ఇంజెక్షన్, తొడ బయటివైపు కండకి. బరువును బట్టి డోసు, ఎలా ఇవ్వాలన్నది వెళ్ళేముందే మీ డాక్టరుతో రాయించుకుని నేర్చుకోండి. వెంటనే 108కి ఫోన్ చేయండి. పాపని పడుకోబెట్టండి, ఆయాసంగా ఉంటే కూర్చోబెట్టండి, నడిపించొద్దు. తగ్గినట్టు కనిపించినా కొన్ని గంటల తర్వాత తిరగబెట్టొచ్చు, ఆస్పత్రిలో ఉంచి చూడాలి. పెళ్ళి ఏదైనా లంక ఊళ్ళో అయితే రాత్రి పంటు నడుస్తుందో లేదో, రాత్రిపూట డాక్టరుండే ఆస్పత్రి ఎంత దూరమో ముందే కనుక్కోండి.

యానాం గాలి:
నాకు ఒకసారి కానాగంతలు తిన్న కాసేపటికే మొహం ఎర్రబడి తలపోటు వచ్చింది, తర్వాత అదే చేప తింటే ఏమీ కాలేదు. ఇదీ అలర్జీయేనా?

కాకినాడ డ్యూటీ నర్సు:
చేప ఐసులో సరిగా పెట్టకపోతే అందులో హిస్టమిన్ అనే పదార్థం పుడుతుంది, దానివల్ల అలర్జీలాగే ఒళ్ళు ఎర్రబడుతుంది. వండినా పోదు. కానాగంతలు, ట్యూనాల్లో ఎక్కువ. మీది అదే కావచ్చు, అయినా డాక్టరుకి చెప్పండి.

రాజమండ్రి రేవు:
రూలు సంగతి కూడా చెప్తాను. ఆహార భద్రత చూసే కేంద్ర సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ 2020 నాటి లేబులింగ్ నిబంధనల ప్రకారం ప్యాకెట్ల మీద గోధుమలాంటి గ్లూటెన్ ధాన్యాలు, రొయ్య జాతి, పాలు, గుడ్డు, చేప, పల్లీలు, జీడిపప్పులాంటి గింజలు, సోయా, మోతాదు దాటిన సల్ఫైట్లు (నిల్వ ఉండటానికి వేసే రసాయనాలు) ఉంటే చెప్పాలి. ఆవాలు, నువ్వులు ఆ జాబితాలో లేవు. ఆవపెట్టిన పనసపొట్టు కూర తినే ప్రాంతం మనది, ఆవ పడనివాళ్ళు నోరు తెరిచి అడగాల్సిందే. హోటళ్ళలో అయితే ఎఫ్ఎస్ఎస్ఏఐ సెంట్రల్ లైసెన్సు ఉన్నవాళ్ళకో, పదీ అంతకుమించి శాఖలున్నవాళ్ళకో మెనూలో అలర్జీ వివరాలు తప్పనిసరి. మన ఊరి టిఫిన్ హోటల్‌కి ఆ రూలు లేదు.

పాలకొల్లు కాలవగట్టు:
అందరికీ చాలా థాంక్సండి. వంటమేస్త్రీ నంబరు మరిదిని అడిగి తీసుకున్నాను. ఒక చీటీ రాశాను, చూడండి: "మా పాపకి రొయ్యలు, పీతలు, రొయ్యపొట్టు, ఎండు రొయ్యలు ప్రాణాపాయం. అవి వేయించిన నూనె, కలిపిన గరిటె, వండిన గిన్నె కూడా వాడొద్దు. తెలియకపోతే తెలియదని చెప్పండి, మేం ఏమీ అనుకోం."

భీమవరం చెరువుగట్టు:
బాగుందండి. రొయ్యల పచ్చడి కూడా చేర్చండి, విందులో పచ్చళ్ళన్నిటికీ ఒకే చెంచా తిరుగుతుంది. లామినేషన్ చేయించి రెండు తీసుకెళ్ళండి, వంటశాలలో తడిసిపోతుంది.