ఆయుధాలు ఎక్కని ఓడను జప్తు చేయొచ్చా?

లంగరు: తటస్థ దేశపు (యుద్ధంలో ఏ పక్షమూ పట్టని దేశపు) రేవులోంచి ఓ ఓడ తుపాకీ కూడా లేకుండా బయల్దేరింది. తర్వాత ఎక్కడో ఫిరంగులు బిగించుకుని యుద్ధంలో దిగింది. రేవులో ఉండగానే "దీని ఉద్దేశం మంచిది కాదు" అని జప్తు చేసి ఉంటే అది న్యాయమేనా? మనసులో ఉన్నదానికి ఆస్తి పోగొట్టుకోవాలా?

చుక్కాని: చేయాల్సిందేనండీ. అలబామా అనే ఓడనే చూడండి. అమెరికా అంతర్యుద్ధంలో దక్షిణాదివాళ్ల కోసం ఇంగ్లండ్‌లోని బర్కెన్‌హెడ్‌లో 290 నంబరు ఓడగా కట్టారు. 1862 జూలైలో పరీక్షకని బయటికి తీసి, ఇక వెనక్కి తేలేదు. ఫిరంగులు వేరే ఓడలో అట్లాంటిక్‌లోని అజోర్స్ దీవులకు వెళ్లాయి. రేవు కాగితాల్లో తుపాకుల ఊసే లేదు! ఇలాంటి ఓడల పుణ్యమా అని 1872లో జెనీవా మధ్యవర్తులు బ్రిటన్ చేత అమెరికాకు కోటీ 55 లక్షల డాలర్లు కట్టించారు.

తెరచాప: చుక్కాని గారూ, ఒక దేశం పరిహారం కట్టడం వేరు, ఒకడి ఓడ లాక్కోవడం వేరు. 1891లో చిలీ అంతర్యుద్ధంలో తిరుగుబాటుదారుల పనిమీద వచ్చిన ఇటాటా అనే చిలీ ఓడను అమెరికాలోని శాన్ డియేగోలో పట్టుకుంటే, కాపలాకి పెట్టిన అధికారిని కూడా ఎక్కించుకుని ఉడాయించింది (ఆయన్ని తర్వాత ఒడ్డున దింపేశారు లెండి). సముద్రంలో ఇంకో ఓడ నుంచి 5,000 రైఫిళ్లు ఎక్కించుకుంది. అంత జరిగినా అమెరికా కోర్టులు జప్తుకు ఒప్పుకోలేదు. రైఫిళ్లు సరుకే తప్ప, ఆ ఓడ తనే యుద్ధానికి తయారైంది కాదన్నాయి.

చుక్కాని: అది సరుకు మోసిన ఓడ. లంగరు గారడిగింది తనే పోరాడే ఓడ గురించి. దానికి అమెరికాలో క్విన్సీ అనే ఆయన మీద నడిచిన 1832 నాటి కేసు చూడాలి. అమెరికాలోని బాల్టిమోర్ నుంచి వెస్టిండీస్‌లోని సెయింట్ థామస్ దీవికి వెళ్లిన బొలివర్ అనే ఓడ గురించిన కేసు అది. ఆయుధాలు అమెరికాలోనే ఎక్కాలని లేదు, బయల్దేరేటప్పటికే ఉద్దేశం ఖాయమై ఉంటే చాలని అమెరికా సుప్రీంకోర్టు చెప్పింది.

తెరచాప: సగమే చెప్పారు. అదే తీర్పులో ఇంకో మాటుంది. వెస్టిండీస్‌లో డబ్బు దొరికితే అప్పుడు ఆయుధాలు కొందాం అనుకుని వెళ్తే అది ఆశ మాత్రమే, నేరం కాదు. మరి రేవులో నిలబడ్డ అధికారికి ఆశేదో, ఖాయమైన ఉద్దేశమేదో ఎలా తెలుస్తుంది?

చుక్కాని: మనసు చదవక్కర్లేదు. డెక్కు ఎంత బలంగా వేశారు, డబ్బెవరిది, నావికులతో కుదుర్చుకున్న జీతం ఏ పనికి... ఇవి చాలు. అయినా అనుమానం మీద ఆపడానికీ, జప్తుకీ ఒకే రుజువు అడగడం నాకూ నచ్చదు. ఆపడానికి తక్కువ చాలు, జప్తుకి గట్టిది కావాలి.

లంగరు: మరి యజమానికి ఏమీ తెలియకపోతే?

తెరచాప: జప్తు దావాలో ముద్దాయి ఓడే కదండీ, మనిషి కాదు. తటస్థత కేసు కాదు గానీ, 1844లో అమెరికాలో మాలెక్ అధెల్ అనే ఓడది అదే గతి. కెప్టెన్ సముద్రంలో వేరే ఓడల మీద చేసిన దౌర్జన్యానికి, యజమానుల తప్పేమీ లేదని ఒప్పుకుంటూనే ఓడను జప్తు చేశారు. సరుకు మాత్రం వాళ్లకు తిరిగి ఇచ్చేశారు.