లైబ్రరీ సెస్ కడుతున్నం, లైబ్రరీ మాత్రం 7కే బంద్. మీ ఊళ్ళె ఏం చేసిన్రు?

మానేరు_గట్టు
గ్రూప్-2కు చదువుతున్న. ఇంట్ల ఆరుగురం, రెండే అర్రలు. మా ఊరి శాఖా గ్రంథాలయం పొద్దుగాల 8 నుంచి 11, మళ్ల సాయంత్రం 4 నుంచి 7. శుక్రవారం సెలవు. నడుమ ఐదు గంటలు గుడి మెట్ల మీద, లేకుంటే బస్టాండ్ల కూసొని చదువుతున్నం. హైదరాబాద్ పోయి రూం తీసుకునేంత స్తోమత లేదు.
మొన్న నాయిన ఇంటిపన్ను కట్టిండు. రసీదుల ‘లైబ్రరీ సెస్’ అని వేరే లైను కనవడ్డది. పన్ను 1,840, సెస్ 147. మరి ఆ పైసలు ఎటు పోతున్నయ్? ఎవరన్నా కొట్లాడి సాధించుకున్నోళ్లుంటే చెప్పుండ్రి.

పాత_బిల్ కలెక్టర్
బాబూ, లెక్క సరిగ్గానే ఉంది. 1960 నాటి పౌర గ్రంథాలయాల చట్టం ప్రకారం ఇంటిపన్ను మీద రూపాయికి 8 పైసలు. మీ తెలంగాణలోనూ అదే చట్టం. పంచాయతీ అయినా, మున్సిపాలిటీ అయినా ఆ సొమ్ము వసూలు చేసి జిల్లా గ్రంథాలయ సంస్థకు జమ చెయ్యాలి. అంటే అది మా ఆఫీసు డబ్బు కాదు, మేం మోసుకెళ్ళి అప్పజెప్పేవాళ్ళం.
నా సర్వీసులో నేను చూసింది చెప్తాను. ఇంటిపన్ను, సెస్, కుళాయి పన్ను అన్నీ కలిసి జనరల్ ఫండులో పడేవి. నెలాఖరుకి పారిశుధ్య కార్మికుల జీతాలు, కరెంటు బిల్లు మీద పడేవి. ‘సెస్ సంగతి వచ్చే నెల చూద్దాం’ అనేవారు. నేను రిటైరయ్యేదాకా ఆ వచ్చే నెల రాలేదు. తినేశారని అనను. ఎక్కువసార్లు అడిగేవాడు లేక ఆగిపోయిన డబ్బది.

నిజంనిష్ఠూరం
ఫోన్లో యూట్యూబ్ పెట్టుకుని కాలేజీ లేకుండా ర్యాంకులు కొడుతున్న రోజులివి. లైబ్రరీ కుర్చీల కోసం అర్జీలేంటి? ముందు నోటిఫికేషన్లు అడగండి.

కందిచేను
@నిజంనిష్ఠూరం అవీ అడుగుతున్నాం సార్. నోటిఫికేషన్ అమరావతిలోనో హైదరాబాద్‌లోనో తేలాలి. ఇది మా ఊరి కమిషనర్ టేబుల్ మీదే తేలుతుంది. అందుకే ముందు ఇది పట్టుకున్నాం.

@మానేరు_గట్టు, తమ్ముడూ, మేం ఐదుగురం సమాచార హక్కు కింద వెళ్ళాం. మొదటిసారి ‘లైబ్రరీ సెస్ వివరాలు ఇవ్వగలరు’ అని రాసి దెబ్బతిన్నాం. రికార్డులు చాలా ఉన్నాయి, ఆఫీసుకొచ్చి చూసుకోండి అన్నారు. రెండోసారి ఇలా అడిగాం: గత మూడు ఆర్థిక సంవత్సరాల్లో ఏ ఏడాదికి ఆ ఏడాది డిమాండ్ (రావాల్సిన సెస్) ఎంత, వసూలు ఎంత, గ్రంథాలయ సంస్థకు జమ చేసింది ఎంత, ఏ తేదీన, బకాయి ఎంత. ఇవే ప్రశ్నలు అదే రోజు గ్రంథాలయ సంస్థ కార్యదర్శికి కూడా వేరేగా పెట్టాం. మొత్తం పట్టు ఇక్కడే ఉంది. రెండు జవాబులూ పక్కపక్కన పెడితే, వీళ్ళు పంపామన్నదానికీ వాళ్ళు ముట్టిందన్నదానికీ పొంతన లేదు. ఆ రెండు కాగితాలూ జత చేసి అర్జీ పెట్టాక ఎవరూ మమ్మల్ని ‘పిల్లలు, చదువుకోండి పోండి’ అనలేదు.
ఫీజు 10 రూపాయలు. మండల స్థాయి ఆఫీసుకు 5, పంచాయతీకి అసలు లేదు. 30 రోజుల్లో జవాబు రాకపోతే మొదటి అప్పీలు వెయ్యి. మాకు అది వేశాకే కదలిక వచ్చింది.
ఇంకోటి. అర్జీలో ‘దయతో మంజూరు చేయగలరు’ అని రాయొద్దు. మీ నాన్న కట్టిన 147 రూపాయలకి దయ ఎందుకు?

టెక్సాస్_తెనాలి
చదువుతుంటే బాధేసింది. 1918లో వేటపాలెంలో సారస్వత నికేతనం గ్రంథాలయం పెట్టింది కూడా యువజన సంఘం కుర్రాళ్ళే కదా. మేం ఇక్కడ నలుగురం స్నేహితులం కలిసి రెండు పెట్టెల పుస్తకాలు పంపగలం. ఎవరికి పంపాలి?

చిక్కడపల్లి_బెంచీ
అన్నా, మనసు మంచిదే, ఏమీ అనుకోవద్దు. పాత జీఆర్ఈ పుస్తకాలు, వ్యక్తిత్వ వికాసం మా దగ్గర అలమారల నిండా ఉన్నాయి. హైదరాబాద్ సిటీ సెంట్రల్ లైబ్రరీకి పొద్దున్నే బ్యాగు తగిలించుకుని వచ్చేవాళ్ళని చూడండి, చెట్ల కింద కూడా కూర్చుని చదువుతుంటారు. వాళ్ళలో చాలామంది సొంత పుస్తకాలే తెచ్చుకుంటారు. కావాల్సింది చోటు, ఫ్యాను, నీళ్ళు. తెనాలిలో మీకు ఇల్లుంటే దాని పన్ను రసీదుతో ఒక సమాచార హక్కు దరఖాస్తు పెట్టండి. అది రెండు పెట్టెల కంటే ఎక్కువ పని చేస్తుంది.

రెండు_జడలు
నేనూ ఒక మాట చెప్పాలి. మా ఊళ్ళో అబ్బాయిలు పోరాడి రాత్రి 9 దాకా తెరిపించారు. పేపర్లో ఫొటో కూడా వచ్చింది. ఆ నెలలోనే మేం నలుగురం అమ్మాయిలం మానేశాం. బాత్రూం తలుపుకి గొళ్ళెం లేదు. 8 దాటితే మా ఊరికి బస్సు లేదు. పొద్దుటి పూట సీట్లన్నీ రాత్రి ఉండిపోయినవాళ్ళ పుస్తకాలతో నిండి ఉంటాయి. అర్జీ మీద మా సంతకాలూ పెట్టించుకున్నారు గానీ మీకేం కావాలని ఒక్కరూ అడగలేదు. మాకు కావాల్సింది మధ్యాహ్నం 11 నుంచి 4. ఇంట్లో ఏ పనీ చెప్పని టైం అదొక్కటే.

మానేరు_గట్టు
అక్కా, సిగ్గయితున్నది. మేం గూడ ‘రాత్రి 10 దాక’ అనే రాసినం. మారుస్తం. పొద్దటి సంది సాయంత్రం దాక ఎడతెగకుంట తెరవాలె, గొళ్ళెం, లైటు అని ముందల రాస్తం.

పాత_బిల్ కలెక్టర్
గొళ్ళెం, నీళ్ళు, లైటు వేరే కాగితం మీద రాయండి బాబూ. చిన్న ఖర్చులకు ఫైలు త్వరగా కదులుతుంది. సమయం మార్పుతో కలిపితే రెండూ ఆగుతాయి.

మానేరు_గట్టు
*(పదిహేను రోజుల తర్వాత)*
సోమవారం ప్రజావాణిల (అధికారులు జనం అర్జీలు తీసుకునే కార్యక్రమం) రెండు అర్జీలు ఇచ్చినం, రెండిటికీ రసీదు నంబర్లు ఇచ్చిన్రు. గొళ్ళెం పడ్డది. టైం కాడ ఆగింది. లైబ్రరీ సారు మంచోడే, కని ఒక్కడే, ఇంకో శాఖకు గూడ ఇంచార్జి. ‘11 నుంచి 4 దాక తాళం మీకిస్త, పుస్తకం పోతే నా జీతంల కోస్తరు, పైనుంచి కాగితం తెండ్రి’ అంటుండు. ఎక్కడన్నా చదువుకునే పిల్లలకే తాళం అప్పజెప్పుతూ ఇచ్చిన ఆర్డర్ ఉన్నదా?

కందిచేను
మా దగ్గర తీర్మానం కాపీ ఉంది. ఇద్దరు పిల్లలు రిజిస్టర్లో సంతకం పెట్టి తాళం తీసుకునే పద్ధతి. పేర్లు కొట్టేసి రేపు పెడతాను.

రెండు_జడలు
ఆ ఇద్దరిలో ఒకరు అమ్మాయి ఉండాలని అందులో రాసుందా అన్నా?

కందిచేను
లేదమ్మా. రాయించాలి.