జనవరి 1 లక్ష్యం: చేయగలిగినంతే పెట్టుకోవాలా, అందనంత పెట్టుకోవాలా?

కాలిబాట
పోయిన జనవరి 1న నేను పెట్టుకున్న లక్ష్యం ఒకటే. ఆగస్టులో జరిగే హైదరాబాద్ మారథాన్‌లో 42.195 కిలోమీటర్లూ పరుగెత్తాలి. వయసు 43, అప్పటికి రోజూ అరగంట నడక కూడా అలవాటు లేదు. మొదటి వారం రోజూ 5 కిలోమీటర్లు చేశాను. రెండో వారం సంక్రాంతికి ఊరెళ్లాం, ఐదు రోజులు పోయాయి. వాటిని కూడదీసుకోవాలని తిరిగొచ్చాక ఒక్కసారే 8కి పెంచాను. ఫిబ్రవరి చివరికి ఎడమ మోకాలు పట్టేసింది. అది ఏప్రిల్‌కే నయమైంది కానీ, ‘ఇక ఎలాగూ 42 అవదు కదా’ అన్న ఆలోచన డిసెంబర్ దాకా నన్ను వదల్లేదు. బూట్లు మళ్లీ వేసుకోలేదు.

అందుకే ఈసారి నా వాదన ఇది. మన మంచి రోజును చూసి లక్ష్యం పెట్టుకోకూడదు. ఆఫీసులో ఆలస్యమై, ఇంట్లో ఒకరికి జ్వరంగా ఉన్న రోజున ఎంత చేయగలమో అంతే పెట్టుకోవాలి. నాకు అది 20 నిమిషాల నడక. మీరేమంటారు?

నెక్లెస్‌రోడ్డు
మీ మోకాలి సంగతి చదివి బాధేసింది కాలిబాట గారూ. కానీ మీరు తేల్చినదానితో నేను ఏకీభవించను. 2023లో నేను హాఫ్ మారథాన్ పూర్తి చేశాను, 21.1 కిలోమీటర్లు. పేరిచ్చేశాను కాబట్టే ఆ ఏప్రిల్, మే నెలల్లో నాలుగున్నరకు లేచాను. 20 నిమిషాల నడక కోసమైతే లేచేదాన్ని కాదు. ఎడ్విన్ లాక్, గ్యారీ లేథమ్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు దశాబ్దాల పాటు పరిశోధించి చెప్పింది ఇదే. ‘నీకు వీలైనంత చెయ్యి’ అన్నప్పటి కంటే, కచ్చితమైన కష్టమైన లక్ష్యం ఎదురుగా ఉన్నప్పుడు మనుషులు ఎక్కువ సాధిస్తారు. 42 అనుకోవడంలో మీ తప్పేమీ లేదు. 5 నుంచి 8కి ఒక్కసారిగా దూకడంలో ఉంది. ఆ మారథాన్ దారిలో వరసగా ఫ్లైఓవర్లు, పైన ఆగస్టు ఉక్కపోత. ముందు 10 కిలోమీటర్ల విభాగం చేసి ఉండాల్సింది.

కాలిబాట
లాక్, లేథమ్ మాటకు ఒక షరతుంది. చేసేవారికి ఆ సామర్థ్యం అప్పటికే ఉండాలి. బొత్తిగా కొత్త పనైతే, ఇంత ఫలితం రావాలి అనుకోవడం కంటే ముందు నేర్చుకోవడాన్నే లక్ష్యం చేసుకోమని వాళ్లే అన్నారు. నేను కొత్తవాణ్ణి.

ఇంకొకటి. లండన్ యూనివర్సిటీ కాలేజీలో ఫిలిప్పా లాలీ బృందం 96 మందిని 12 వారాలు గమనించింది. ఒక పని అలవాటుగా కుదురుకోవడానికి మనిషిని బట్టి 18 నుంచి 254 రోజులు పట్టవచ్చని వాళ్ల అంచనా, మధ్యస్థంగా 66. మధ్యలో ఒక రోజు తప్పినా అలవాటు పెద్దగా దెబ్బతినలేదట. సంక్రాంతి నుంచి తిరిగొచ్చిన రోజున ఈ ముక్క తెలిసి ఉంటే, పోయిన రోజుల కోసం 8కి పరుగెత్తేవాణ్ణి కాదు.

తులసికోట (విజయవాడ)
తెల్లవారుజాము నాలుగున్నర తమ చేతిలోనే ఉందన్నట్టు ఇద్దరూ మాట్లాడుతున్నారు. మా ఇంట్లో ఐదింటికి కుళాయి నీళ్లు, ఆరున్నరకల్లా పిల్లల క్యారేజీలు, ఆపైన మామగారికి ఇన్సులిన్. కాలిబాట గారూ, మీరు చెప్పిన బాగాలేని రోజు నాకు వారంలో నాలుగుసార్లు వస్తుంది. ఆ లెక్కన నా లక్ష్యం సున్నా.

గతేడాది నేను రోజు లెక్క మానేసి వారం లెక్క పట్టుకున్నాను. పెద్దవాళ్లకు వారానికి కనీసం 150 నిమిషాల ఓ మోస్తరు శ్రమ ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. పాపను ట్యూషన్‌కు దింపి గంటసేపు అక్కడే అరుగు మీద కూర్చునేదాన్ని. ఆ గంటలో కాలవగట్టు వెంట నడవడం మొదలుపెట్టాను. సోమ, బుధ, శుక్రవారాలు, 50 నిమిషాల చొప్పున. ఎండాకాలం సెలవుల్లో ట్యూషన్ ఆగింది, దాంతో నడకా ఆగింది. జూన్‌లో బడి తెరిచారు, నడక దానంతటదే మళ్లీ మొదలైంది. నేను కొత్తగా పట్టుదల తెచ్చుకున్నదేమీ లేదు.

మా ఆయన మాత్రం పదివేల అడుగులు పూర్తి కాలేదని రాత్రి పదకొండింటికి హాల్లో తిరుగుతుంటారు. ఆ అంకెకు 1965లో జపాన్‌లో అమ్మిన మాన్‌పో-కేయ్ అనే పరికరం పేరే మూలం. ఆ మాటకు అర్థమే పదివేల అడుగుల మీటరు. ఎవరి శరీరాన్నో కొలిచి చెప్పిన అంకె కాదది.

నెక్లెస్‌రోడ్డు
తులసికోట గారూ, నిజమే. నేను నాలుగున్నరకు లేచిన ఆ నెలల్లో వంట మా అమ్మ చేసింది. నా పోస్టులో ఆ మాట రాయాల్సింది. అయినా ఒకటి అడుగుతాను. ఏడాది నడిచారు కదా, ఇప్పుడు మీకు ఇంకాస్త పెద్దది అనుకోవాలని లేదా?

తులసికోట (విజయవాడ)
ఉంది. ఇంద్రకీలాద్రి మెట్లు మధ్యలో ఎక్కడా కూర్చోకుండా ఎక్కాలని. తేదీ మాత్రం పెట్టుకోను. మామగారి ఆరోగ్యం నేను పెట్టుకున్న తేదీ చూసుకుని నడవదు.

కాలిబాట
నా లెక్క మార్చుకుంటున్నాను. రోజుకు 20 నిమిషాలు తీసేసి వారానికి 120 నిమిషాలు పెట్టుకున్నా. సంక్రాంతి వారం లెక్కలోకి రాదు. జనవరి 1 నుంచి 66వ రోజు మార్చి 7. ఆగస్టులో 10 కిలోమీటర్లకు పేరివ్వాలో వద్దో ఆ రోజు తేల్చుకుంటాను.

నెక్లెస్‌రోడ్డు
మార్చి దాకా ఆగడం తప్పనే ఇప్పటికీ అంటాను. అయినా మార్చి 7న ఇక్కడికే వచ్చి అడుగుతాను, సమాధానం రాయండి.