రిచర్డ్ రైట్ ‘బ్లాక్ బాయ్’ చదివి “ఇది నా కథే” అనొచ్చా?

పల్నాటి పాఠకుడు:
రిచర్డ్ రైట్ ఆత్మకథ ‘బ్లాక్ బాయ్’ (1945) ఈ మధ్యే పూర్తి చేశాను. 1908లో అమెరికాలోని మిసిసిపిలో పుట్టిన నల్లజాతి పిల్లాడు. తండ్రి వదిలేసి పోయాక మెంఫిస్ నగరంలో పస్తులు. ఆకలేసినప్పుడల్లా తండ్రి మీద కసి రేగేదని రాస్తాడు. మా నాన్న అప్పులవాళ్ళకు భయపడి ఊరొదిలిన ఏడాది మా ఇంట్లోనూ అంతే. ఇది నా కథే అన్నానని ఒక మిత్రుడు కోప్పడ్డాడు. భూములున్న కులంలో పుట్టిన నాకు ఆ మాట అనే హక్కు లేదట. మీరేమంటారు?

కొల్లేటి గట్టు:
మీ మిత్రుడి మాటలో న్యాయం ఉందండీ. ఆకలి మీదే, కాదనను. మరి ఆ పుస్తకంలోనే, ఆర్కన్సా రాష్ట్రంలోని ఎలైన్ ఊళ్ళో జరిగిందో? రైట్ వాళ్ళమ్మ తోబుట్టువు భర్త హాస్కిన్స్‌కు మద్యం వ్యాపారం బాగా నడిచేది. అది ఓర్వలేక తెల్లవాళ్ళు కాల్చి చంపారు. అంత్యక్రియలు కూడా లేవు, కుటుంబమంతా ప్రాణాలు అరచేత పట్టుకుని పారిపోయింది. ఆయన్ను చంపించింది పేదరికం కాదు, సంపాదన. మీ ఇంట్లో నాలుగు డబ్బులు చేరితే ఊరు సంతోషించి ఉంటుంది.

చివరి వీధి:
నన్ను పట్టుకున్నది గ్రంథాలయం ఘట్టం. మెంఫిస్‌లో నల్లవాళ్ళకు అక్కడ పుస్తకాలు ఇచ్చేవారు కాదు. రైట్ తనతో పనిచేసే ఒక తెల్లాయన కార్డు అడిగి తీసుకుని, ఆయన రాసినట్టే చీటీ రాసి, పుస్తకాలు తనకోసం కాదన్నట్టు నిలబడతాడు. అనుమానం రాకూడదని ఆ చీటీలో తనను తానే తిట్టుమాటతో రాసుకుంటాడు. మా తాత మాలపల్లె నుంచి వెళ్ళి లైబ్రరీ అరుగు కింద నిలబడేవాడు. లోపలికెళ్ళే కుర్రాడెవరైనా దయతలిస్తే పుస్తకం బయటికొచ్చేది.

ఈ పోలిక కొత్తదేం కాదు. 1946లో అంబేద్కర్ నల్లజాతి మేధావి డుబాయిస్‌కు ఉత్తరం రాస్తూ, అంటరానివాళ్ళ స్థితికీ అక్కడి నల్లవాళ్ళ స్థితికీ ఎంతో దగ్గరతనం ఉందన్నారు. 1972లో బొంబాయిలో పుట్టిన దళితుల పోరాట సంస్థ దళిత్ పాంథర్స్‌కు పేరు వచ్చింది అమెరికాలోని నల్లవాళ్ళ సంస్థ బ్లాక్ పాంథర్స్ నుంచే.

అయినా “నా కథే” అని నేనూ అనను. హైదరాబాద్‌లో ఇల్లు అద్దెకు అడిగేటప్పుడు ఇంటిపేరు చెప్పకుండా దాటేయగలను. ఎప్పుడు తెలిసిపోతుందో అన్న టెన్షన్ నాది. రైట్‌కు దాచుకునే వీలే లేదు.

డాలస్ తెలుగు:
ఇక్కడ మనవాళ్ళు ఒక్క చేదు అనుభవం ఎదురవగానే “మేమూ నల్లవాళ్ళలాంటి వాళ్ళమే” అంటారు. మనలాంటివాళ్ళకు ఈ దేశం తలుపులు తెరిచిన 1965 వలస చట్టం నల్లవాళ్ళ పౌరహక్కుల పోరాటం ఊపులో వచ్చింది. ఆ బాకీ ఊసెత్తకుండా బాధలో మాత్రం వాటా అడగడం నాకు మింగుడుపడదు.

పల్నాటి పాఠకుడు:
హాస్కిన్స్ సంగతికి నా దగ్గర జవాబు లేదు. కానీ ఇంకో ఘట్టం ఉంది. సరుకులకు పంపిన పిల్లాణ్ణి వీధి కుర్రాళ్ళు కొట్టి డబ్బు లాక్కుంటారు. తల్లి వాడి చేతికి కర్ర ఇచ్చి, సరుకులు లేకుండా ఇంటికి రావద్దని తలుపేస్తుంది. అక్కడ నాకు మా అమ్మే కనిపించింది. దాన్ని వదులుకోమంటే వదులుకోను.

చివరి వీధి:
వదులుకోవద్దండీ. మీ అమ్మగారి గురించి రాయండి, చదువుతాం. దాంతోపాటు మీ ఊరి లైబ్రరీ అరుగు కింద ఆ రోజుల్లో ఎవరు నిలబడేవాళ్ళో కూడా పెద్దవాళ్ళనడిగి రాయండి.