సెక్ + టాన్ ఇచ్చి సైన్ అడిగారు, జవాబులో మైనస్ ఎక్కడిది?

ప్రశ్న: మా తమ్ముడు ఇంటర్ ఫస్టియర్ ఎంపీసీ. రాత్రి ఒక లెక్క దగ్గర ఇద్దరం ఆగిపోయాం. సెక్ థీటా + టాన్ థీటా = 2/3 అయితే సైన్ థీటా ఎంత, కోణం ఏ పాదంలో (క్వాడ్రంట్‌లో) ఉంటుంది? సెక్² − టాన్² = 1, అంటే (సెక్ + టాన్)(సెక్ − టాన్) = 1 కాబట్టి సెక్ − టాన్ = 3/2 అని రాసుకున్నాం. రెండూ కలిపితే సెక్ 13/12 వచ్చింది. వెంటనే త్రిభుజం గీశాం: కర్ణం 13, ఆసన్న భుజం 12, ఎదుటి భుజం 5. సైన్ 5/13. పుస్తకం వెనక మాత్రం −5/13 అని ఉంది. అచ్చు తప్పా అండీ?

జవాబు: అచ్చు తప్పు కాదమ్మా, మీరే తొందరపడి బొమ్మ గీసేశారు. త్రిభుజంలో కనిపించేవి పొడవులు, పొడవుకి మైనస్ ఎక్కడుంటుంది? గుర్తు సంగతి పాదాన్ని బట్టి తేల్చుకోవాలి. సెక్ ప్లస్ అంటే కోణం ఒకటో పాదంలోనైనా ఉండాలి, నాలుగులోనైనా ఉండాలి. ఏదో తేల్చేది టాన్. మీరు దాని జోలికే వెళ్లలేదు. కలిపినట్టే ఇప్పుడు తీసేయండి: 2 టాన్ = 2/3 − 3/2 = −5/6, టాన్ = −5/12. సెక్ 13/12 కాబట్టి దాన్ని తిరగేస్తే కాస్ 12/13. కాస్ ప్లస్, టాన్ మైనస్, కాబట్టి నాలుగో పాదం. సైన్ = టాన్ × కాస్ = −5/12 × 12/13 = −5/13.

నమ్మకం కుదరకపోతే టాన్ 5/12 అనుకుని కలిపి చూడండి. 13/12 + 5/12 = 18/12, అంటే 3/2. లెక్కలో ఇచ్చింది 2/3 కదా.

ప్రశ్న అడిగినావిడ: అయ్యో, నిజమే! మరి టెన్త్‌లో ఈ గొడవ ఎప్పుడూ రాలేదేంటి?

జవాబు: అక్కడ అన్నీ 90 డిగ్రీల లోపు కోణాలే. అన్నీ ప్లస్సే.

ఇంకొకరు: మా సార్ ‘ఆల్ సిల్వర్ టీ కప్స్’ అని చెప్పేవారు. ఒకటో పాదంలో అన్నీ ప్లస్, రెండులో సైన్, మూడులో టాన్, నాలుగులో కాస్, వాటితోపాటు వాటి వ్యుత్క్రమాలు. ఇంకో మాట, టాన్ −5/12 అనగానే సైన్ −5, కాస్ 12 అని రాసే పిల్లలున్నారు. సైన్, కాస్ రెండూ −1కీ 1కీ మధ్యే ఉంటాయి బాబూ!

జవాబు: తమ్ముడికి ఇదొకటి ఇవ్వండి. సైన్ 4/5, కోణం ఒకటో పాదంలో లేదు. కాస్ ఎంత?

ప్రశ్న అడిగినావిడ: −3/5 అంటున్నాడు. సైన్ ప్లస్ కాబట్టి రెండో పాదమట. ఈసారి బొమ్మ కంటే ముందు పాదం రాసుకున్నాడు.